పేర్లు బోర్డు మీదున్నాయి... విచారణ చేయడం వచ్చా?

ఏడాది చివరికొచ్చేసరికి చాలా ఆఫీసుల్లో ఉద్యోగులందరికీ ఒక మెయిల్ వస్తుంది. వివక్ష, వేధింపుల నివారణపై ఆన్‌లైన్ కోర్సును ఫలానా తేదీలోగా పూర్తిచేయాలని దాని సారాంశం. అరగంటో ముప్పావుగంటో వీడియో, చివర్లో కొన్ని ప్రశ్నలు. వీడియోను మ్యూట్‌లో పెట్టి తమ పని తాము చేసుకుంటూ, ప్రశ్నలు రాగానే తోచిన జవాబు నొక్కి గట్టెక్కేవాళ్లకు కొదవ లేదు. సర్టిఫికెట్ వస్తుంది. హెచ్‌ఆర్ వాళ్ల షీట్‌లో ఆ పేరు పక్కన పచ్చరంగు పడుతుంది. అందరికీ పచ్చరంగు పడితే ఆ ఏటికి చట్టం చెప్పింది చేసేసినట్టే.

తర్వాత ఏదో ఒకరోజు ఒక ఉద్యోగిని మేనేజర్ దగ్గరికొచ్చి, ‘సార్, మీతో ఒక విషయం చెప్పాలి’ అంటుంది. అప్పుడు ఆ మేనేజర్ నోట వచ్చే మొదటి మాట ఏమిటి? ‘కూర్చోండి, చెప్పండి’ అంటాడా? ‘ఇప్పుడెందుకండీ ఈ గొడవలు, రిలీజ్ అయ్యాక చూద్దాం’ అంటాడా? ఇచ్చిన శిక్షణ పనికొచ్చిందో లేదో అక్కడ తేలిపోతుంది.

మన దగ్గర శిక్షణ అంతా ‘వేధించకండి’ అని అందరికీ చెప్పడం దగ్గరే ఆగిపోతోంది. ఫిర్యాదు వినాల్సినవాళ్లకు, దాన్ని విచారించాల్సినవాళ్లకు, ఇంటర్వ్యూలో ఎవరిని తీసుకోవాలో తేల్చేవాళ్లకు, అన్నిటికీ మించి జీతాలిచ్చే యజమానికి నేర్పుతున్నది చాలా తక్కువ. ఈ వరస మారాలి. అధికారం చేతిలో ఉన్న ఆ కొద్దిమందికి ముందు నేర్పాలి.

గోవా చెప్పిన పాఠం

పనిచోట మహిళలపై లైంగిక వేధింపుల నివారణ చట్టం మనకు ఊరికే రాలేదు. రాజస్థాన్‌లో భటేరీ అనే పల్లెలో భన్వరీ దేవి ప్రభుత్వ మహిళాభివృద్ధి కార్యక్రమంలో ‘సాథిన్’గా పనిచేసేది. తన విధుల్లో భాగంగా ఒక బాల్యవివాహాన్ని ఆపబోయింది. ఆ కక్షతో 1992లో ఆమెపై సామూహిక అత్యాచారం జరిగింది. అత్యాచార అభియోగం నుంచి నిందితులను కింది కోర్టు 1995లో విముక్తుల్ని చేసింది. ఉద్యోగం చేస్తున్నందుకు ఒక మనిషికి ఇంత జరిగితే, ఆమెను పనిలో పెట్టుకున్నవారి బాధ్యత ఏమిటన్న ప్రశ్నతో మహిళా సంఘాలు సుప్రీంకోర్టుకు వెళ్లాయి. 1997 ఆగస్టులో ‘విశాఖ’ తీర్పు వచ్చింది. అందులోని మార్గదర్శకాలు చట్టరూపం దాల్చడానికి మరో పదహారేళ్లు పట్టింది. అందరూ ‘పోష్’ అని పిలుచుకునే చట్టం 2013లో వచ్చి, ఆ ఏడాది డిసెంబరు 9 నుంచి అమల్లోకి వచ్చింది.

పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి. పై హోదాలో ఉన్న మహిళ దానికి అధ్యక్షురాలు. ఉద్యోగుల్లోంచి కనీసం ఇద్దరు, స్వచ్ఛంద సంస్థల నుంచో ఈ విషయాలు తెలిసినవారి నుంచో ఒక బయటి వ్యక్తి సభ్యులు. మొత్తంలో సగానికి తగ్గకుండా మహిళలుండాలి. ఇంతవరకు చాలా సంస్థలకు తెలుసు. పేర్లు, ఫోన్ నంబర్లు రాసిన బోర్డు రిసెప్షన్ పక్కన వేలాడుతూ ఉంటుంది. 19వ సెక్షన్‌లో యజమాని విధుల కింద ఉన్న మరో మాట దగ్గర మాత్రం చూపు జారిపోతుంది. ఉద్యోగులకు అవగాహన తరగతులతో పాటు, కమిటీ సభ్యులకు విడిగా శిక్షణ ఇప్పించాలని అక్కడ రాసి ఉంది.

అలా ఇప్పించకపోతే ఏమవుతుందో గోవా విశ్వవిద్యాలయం కేసు చూస్తే తెలుస్తుంది. చట్టం రాకముందు, విశాఖ మార్గదర్శకాలే అమల్లో ఉన్న 2009లో ఒక అధ్యాపకుడిపై విద్యార్థినులు ఫిర్యాదు చేశారు. కమిటీ విచారణ జరిపింది, అతని ఉద్యోగం పోయింది. అతను కోర్టుకెక్కాడు. 2023 మే 12న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కమిటీ హడావిడిగా విచారణ ముగించిందని, తన వాదన చెప్పుకునేందుకు తగిన అవకాశం అతనికి ఇవ్వలేదని తొలగింపును కొట్టేసి, 2009 మే 5 నాటికి విచారణ ఎక్కడుందో అక్కడి నుంచి మళ్లీ మొదలుపెట్టమంది. పద్నాలుగేళ్లు! ఫిర్యాదు చేసిన విద్యార్థినులు ఎక్కడెక్కడ స్థిరపడి ఉంటారో, మళ్లీ కబురొస్తే ఎలా తట్టుకుంటారో ఆలోచించండి. ఆరోపణ ఎదుర్కొన్న వ్యక్తికీ పద్నాలుగేళ్లపాటు నిజం తేలలేదు. కమిటీకి చెడ్డ ఉద్దేశం ఉండనక్కర్లేదు. విచారణ చేసే తీరు తెలియకపోతే చాలు, ఇరువైపులా ఇంత నష్టం.

ఆ తీర్పు రాసిన జస్టిస్ హిమా కోహ్లి అంతకుముందు తెలంగాణ హైకోర్టుకు తొలి మహిళా ప్రధాన న్యాయమూర్తి. చట్టం వచ్చి ఇన్నేళ్లయినా అమలులో తీవ్రమైన లోపాలున్నాయంటూ, దేశంలోని 30 జాతీయ క్రీడా సమాఖ్యల్లో 16 చోట్ల సరైన కమిటీయే లేదన్న పత్రికా కథనాన్ని ఆమె తీర్పులో ప్రస్తావించారు. కమిటీ సభ్యులకు ఎప్పటికప్పుడు శిక్షణ ఇప్పించాలని కూడా ఆదేశించారు.

గదిలో నేర్పాల్సింది

మరి ఆ శిక్షణ ఎలా ఉండాలి? సెక్షన్ల నంబర్లు బట్టీ పట్టిస్తే సరిపోదు. ఒక కల్పిత ఫిర్యాదును సభ్యుల చేతికిచ్చి, మొదటి రోజు నుంచి నివేదిక దాకా వాళ్ల చేతే నడిపించాలి. ఒక ఉదాహరణ అనుకుందాం. నానక్‌రామ్‌గూడలో ఓ సాఫ్ట్‌వేర్ సంస్థ. టీమ్ లీడ్ రాత్రి పదకొండింటికి తన బృందంలోని అమ్మాయికి మెసేజీలు పెడుతుంటాడు. మొదట పని సంగతులు, తర్వాత ‘డీపీ బాగుంది’, ఆ తర్వాత ‘అప్రైజల్ గురించి మాట్లాడదాం, శనివారం కాఫీకి రా’. ఆమె వెళ్లలేదు. నెల తిరిగేసరికి రేటింగ్ తగ్గింది, ప్రాజెక్టు మారింది. చివరి మెసేజ్ వచ్చిన నాలుగు నెలలకు ఫిర్యాదు చేసింది.

కమిటీలో కూర్చున్నవారి నోట వచ్చే మొదటి ప్రశ్నలు దాదాపు ఎక్కడైనా ఇవే. ‘ఇన్నాళ్లూ ఎందుకు ఊరుకున్నావమ్మా?’, ‘నువ్వూ స్మైలీ పెట్టావుగా?’, ‘ఇంట్లో తెలుసా?’. అన్నిటికన్నా మెత్తగా, అన్నిటికన్నా గట్టిగా తగిలేది ఇంకొకటుంది. ‘అతనికి పెళ్లాం పిల్లలున్నారు, ఉద్యోగం పోతే ఏమైపోతారో చూడు తల్లీ.’ అడిగేవాళ్లు దుర్మార్గులు కారు. కుటుంబ తగవుల్లో పెద్దమనుషులు మాట్లాడే తీరు మనందరికీ చిన్నప్పటి నుంచి అలవాటు. ఇక్కడా అదే నోటికొస్తుంది. దాన్ని మాన్పించడం ఒక్క ఉపన్యాసంతో అయ్యే పని కాదు. ఆ ప్రశ్న అడిగిన క్షణంలోనే ఆపి, మరోలా అడిగించాలి.

‘మొదటి మెసేజ్ ఎప్పుడొచ్చింది? అప్పుడు మీరిద్దరూ ఏ పని మీద ఉన్నారు? మీరేం జవాబిచ్చారు? తర్వాత మీ పనిలో ఏం మారింది?’ ఇవీ అడగాల్సినవి. అటువైపు టీమ్ లీడ్‌ను అడగాల్సినవీ ఉన్నాయి. ‘మిగతావాళ్లతో అప్రైజల్ సంగతి ఎక్కడ మాట్లాడారు? ఈమెనొక్కదాన్నే శనివారం కాఫీకి ఎందుకు పిలవాల్సి వచ్చింది? రేటింగ్ తగ్గించడానికి కాగితం మీద ఉన్న కారణమేమిటి? అదే పని చేసిన మరొకరికి ఎంత ఇచ్చారు?’ నిజం చాలాసార్లు ఈ పోలికలోనే బయటపడుతుంది. ఒకరి మాట, దానికి ఎదురు మరొకరి మాట తప్ప ఆధారం లేదని చేతులెత్తేసే కమిటీలు ఆ రేటింగ్ షీట్లు తెప్పించుకుని చూడవు.

నాలుగు నెలల సంగతీ తేల్చాలి. చట్టం ప్రకారం ఘటన జరిగిన 3 నెలల్లోగా ఫిర్యాదు చేయాలి. వరుసగా జరిగితే చివరి ఘటన నుంచి లెక్క. తగిన కారణం ఉంటే, దాన్ని రాతపూర్వకంగా నమోదు చేసి కమిటీ మరో 3 నెలలు పెంచవచ్చు. రేటింగ్ తగ్గించడం కూడా ఆ వరుసలోదే అయితే గడువు ఇంకా ఉన్నట్టే. ఇలాంటి చిక్కుముడి సభ్యులంతా ఒక పూట కూర్చుని వాదించుకుంటేనే విడుతుంది. స్లైడ్ మీద చదివితే అర్థం కాదు.

ఫిర్యాదు అందిన 7 పనిరోజుల్లో దాని ప్రతి ఆరోపణ ఎదుర్కొంటున్న వ్యక్తికి చేరాలి. అతను 10 పనిరోజుల్లో జవాబివ్వాలి. విచారణలో లాయర్లకు చోటు లేదు. 90 రోజుల్లో ముగించి, పది రోజుల్లో నివేదిక ఇవ్వాలి. దాని మీద యజమాని 60 రోజుల్లో చర్య తీసుకోవాలి. ఈలోగా ఆమె రాతపూర్వకంగా కోరితే ఇద్దరిలో ఎవరినైనా బదిలీ చేయమనో, ఆమెకు 3 నెలల దాకా సెలవు ఇవ్వమనో కమిటీ సిఫార్సు చేయవచ్చు. ఆచరణలో మాత్రం బదిలీ అనగానే ఆమెనే కదిలిస్తారు. ఆమె అడగకుండానే!

రాజీ దగ్గర జరిగే పొరపాటు ఇంకా పెద్దది. విచారణకు ముందు రాజీకి చట్టం వీలిచ్చిన మాట నిజమే. కానీ అది ఆమె అడిగితేనే. డబ్బు ప్రాతిపదికన రాజీ కుదర్చకూడదు. కమిటీయే ముందుకొచ్చి ‘మాట్లాడి సర్దేద్దాం’ అంటే అక్కడే చట్టం దాటినట్టు. ఇక 14వ సెక్షన్, తప్పుడు ఫిర్యాదుల సంగతి. దీన్ని చూపించి భయపెట్టే శిక్షకులూ ఉన్నారు. దురుద్దేశంతోనో, అబద్ధమని తెలిసో, నకిలీ పత్రాలతోనో చేసిన ఫిర్యాదుకే అది వర్తిస్తుంది. ఆధారం చూపలేకపోవడం ఒక్కటే తప్పు కాదని ఆ సెక్షనే చెబుతోంది. శిక్షణలో మొదటి సగం సేపు ఇదే మాట్లాడితే, గదిలో ఉన్న ఆడవాళ్లకు అందే సందేశం ఒక్కటే. నోరు మూసుకోమని.

కమిటీ పెట్టకపోతే జరిమానా 50,000 రూపాయల దాకా. పెద్ద కంపెనీకి అది లెక్కలోకి రాని సొమ్ము. రెండోసారి దొరికితే రెట్టింపు శిక్ష, లైసెన్సు రద్దు దాకా వెళ్లవచ్చు. 2025 జులై నుంచి కంపెనీలు తమ బోర్డు నివేదికలో ఎన్ని ఫిర్యాదులు వచ్చాయో, ఎన్ని పరిష్కరించారో, 90 రోజులు దాటి ఎన్ని పెండింగులో ఉన్నాయో చెప్పాల్సి వస్తోంది. ఇది మంచి మార్పే. సున్నా ఫిర్యాదులు అని గర్వంగా రాసుకునే చోట, ఆ సున్నా నెమ్మదికి గుర్తో భయానికి గుర్తో అడిగే తీరిక డైరెక్టర్లకు ఉండాలి.

అందరినీ అనుమానిస్తే

అమెరికాలో ఈ తరహా శిక్షణ మనకంటే దశాబ్దాల ముందు మొదలైంది. ఉద్యోగావకాశాల్లో సమానత్వాన్ని చూసే అక్కడి ఫెడరల్ కమిషన్ వేధింపులపై నియమించిన బృందం 2016లో నివేదిక ఇచ్చింది. ముప్పై ఏళ్లుగా ఇస్తున్న శిక్షణలో చాలా భాగం వేధింపులను ఆపడానికి అక్కరకు రాలేదని ఒప్పుకుంది. కోర్టులో నష్టపరిహారం పడకుండా కంపెనీని కాపాడటమే దాని లక్ష్యమైపోయిందని తేల్చింది. ఫ్రాంక్ డాబిన్, అలెగ్జాండ్రా కలేవ్ అనే సామాజికవేత్తలు 800కు పైగా అమెరికన్ కంపెనీల లెక్కలు చూసి 2019లో మరో సంగతి చెప్పారు. చేయకూడని పనుల జాబితాను ఉద్యోగులందరికీ వల్లెవేయించిన చోట, తర్వాతి కాలంలో మహిళా మేనేజర్ల సంఖ్య తగ్గింది. మేనేజర్లకు విడిగా, సమస్యను గుర్తించి అడ్డుకోవడం నేర్పిన చోట చాలావరకు పెరిగింది.

ఇందులో వింతేమీ లేదు. ‘నువ్వు తప్పు చేస్తావేమో’ అని పిలిచి కూర్చోబెడితే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. ‘నీ బృందంలో ఇలా జరిగితే ఎలా ఆపుతావు’ అని అడిగితే బాధ్యత తెలుస్తుంది.

గేటు దగ్గర ఆగిపోయేవాళ్లు

వేధింపు కంటికి కనబడుతుంది. వివక్ష చాలాసార్లు కనబడదు, ఎందుకంటే అది ఉద్యోగం ఇవ్వకముందే జరిగిపోతుంది. 2024 జూన్‌లో రాయిటర్స్ వార్తాసంస్థ ఒక కథనం ప్రచురించింది. శ్రీపెరుంబుదూరులో ఐఫోన్లు తయారుచేసే ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీలో పెళ్లయిన మహిళలను అసెంబ్లింగ్ పనికి తీసుకోవడం లేదని దాని సారాంశం. ఇంటర్వ్యూకి వచ్చిన అక్కాచెల్లెళ్లను గేటు దగ్గర సెక్యూరిటీ అధికారి ‘పెళ్లయిందా?’ అని అడిగి వెనక్కి పంపేశాడని అందులో ఉంది. కంపెనీ ఆ ఆరోపణను తోసిపుచ్చింది. కేంద్ర కార్మిక శాఖ తమిళనాడు ప్రభుత్వాన్ని నివేదిక అడిగింది. మన శ్రీసిటీకి ఆ ఊరు ఎంతో దూరం కాదు, అక్కడా ఫోన్లు బిగించే చేతులు ఎక్కువగా ఆడవాళ్లవే. నియామక ఏజెన్సీలు, గేటు దగ్గర నిలబడే సెక్యూరిటీ వాళ్లు ఏ కంపెనీ శిక్షణ జాబితాలో ఉంటున్నారు? ఆడమనిషి లోపలికి అడుగుపెడుతుందో లేదో తేల్చేది వాళ్లయినప్పుడు, జాబితా వాళ్లతోనే మొదలవ్వాలి.

కోర్టులు ఈ విషయం ఎప్పుడో చెప్పాయి. మొదటిసారి గర్భం దాల్చగానే ఎయిర్‌హోస్టెస్‌ను ఉద్యోగం నుంచి తీసేసే నిబంధనను సుప్రీంకోర్టు 1981లోనే కొట్టేసింది. పెళ్లి చేసుకుందని 1988లో సైనిక నర్సింగ్ సర్వీసు నుంచి తొలగించిన ఒక అధికారిణికి 60 లక్షల రూపాయలు చెల్లించమని 2024 ఫిబ్రవరిలో ఆదేశించింది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ జీతంలోనే కాక నియామకంలోనూ ఆడ మగ తేడా చూపొద్దంటోంది.

అయినా ‘పిల్లల ప్లానింగ్ ఏమిటండీ?’ అన్న ప్రశ్న ఇంటర్వ్యూల్లో వినబడుతూనే ఉంది. చిన్న యజమాని భయం నాకు అర్థమవుతుంది. 26 వారాల ప్రసూతి సెలవుకు పూర్తి జీతం తన జేబులోంచే పోతుందని అతని లెక్క. కానీ నెలకు 21,000 రూపాయల లోపు జీతంతో ఈఎస్ఐ పరిధిలో ఉన్న ఉద్యోగినికి, చందా షరతులు తీరితే, ఆ డబ్బు ఈఎస్ఐ ఇస్తుంది. ఈ ఒక్క ముక్క తెలియక ఎన్ని దరఖాస్తులు పక్కకు పోతున్నాయో! యజమానులకు ఇచ్చే శిక్షణలో నీతుల కంటే ముందు ఇలాంటి లెక్కలుండాలి.

‘మనోళ్లేనా?’

తెలుగువాళ్ల ఆఫీసుల్లో కొత్తగా చేరినవారికి ఎదురయ్యే ప్రశ్నలు కొన్నున్నాయి. ‘మీ ఇంటిపేరేంటి?’, ‘ఏ ఊరు? ఆ ఊళ్లో ఫలానావాళ్లు మీకేమవుతారు?’, ‘మీరు నాన్‌వెజ్ తింటారా?’. అడిగేది పరిచయం కోసమే కావచ్చు. జవాబు విన్న తర్వాత మాటతీరు మారితే మాత్రం ఆ మారడమే వివక్ష. మంచి ప్రాజెక్టులు, విదేశీ అవకాశాలు, మధ్యాహ్నం ఒకే బల్ల దగ్గర భోజనాలు ఎవరెవరి మధ్య తిరుగుతున్నాయో చూస్తే చాలు, ఎవరూ నోరు విప్పి చెప్పక్కర్లేదు.

సుఖదేవ్ థోరాట్, పాల్ అటెవెల్ చేసిన అధ్యయనం 2007లో వచ్చింది. ప్రైవేటు కంపెనీల ప్రకటనలకు, ఒకే అర్హతలతో వేరువేరు పేర్ల మీద దరఖాస్తులు పంపారు. అగ్రకుల హిందూ పేరుతో పోలిస్తే దళిత పేరున్న దరఖాస్తుకు పిలుపొచ్చే అవకాశం మూడింట రెండొంతులు. ముస్లిం పేరున్న దరఖాస్తుకు మూడో వంతే.

ఇక్కడ చట్టం పలచబడుతుంది. ప్రభుత్వ ఉద్యోగాలకు రాజ్యాంగంలోని 16వ అధికరణం ఉంది. ప్రైవేటు నియామకాల్లో కులం, మతం, ప్రాంతం ఆధారంగా చూపే వివక్షలన్నిటినీ ఒక్కచోట నిషేధించే సమగ్ర చట్టం మనకు లేదు. అంటరానితనం పేరుతో ఉద్యోగం, వృత్తి చేయనివ్వకపోవడం 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం కింద నేరం. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. ఇవి పోలీసు స్టేషన్‌కు దారి చూపుతాయి. ఆఫీసులో కూర్చుని వినే కమిటీని మాత్రం ఏర్పాటు చేయవు. కంపెనీ తన సొంత విధానంలో కులాన్ని పేరుపెట్టి రాసుకుంటే తప్ప, అవమానం భరించిన ఉద్యోగి హెచ్‌ఆర్ దగ్గరికి వెళ్లి ఏ గడిలో ఫిర్యాదు రాయాలో తెలియదు.

మన ఇంజినీర్లతో పాటు ఇది సముద్రాలు దాటింది. 2020 జూన్‌లో కాలిఫోర్నియా ప్రభుత్వ సంస్థ సిస్కోపై కుల వివక్ష కేసు వేసింది. అందులో పేర్కొన్న ఇద్దరు మేనేజర్లపై కేసును 2023లో ఉపసంహరించుకుంది. కంపెనీపై మాత్రం కొనసాగించింది. యాపిల్ తన ప్రవర్తనా నియమావళిలో కులాన్ని చేర్చింది. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించింది. కాలిఫోర్నియా చట్టసభ ఆమోదించిన బిల్లును ఆ ఏడాది అక్టోబరులో గవర్నర్ వీటో చేశారు, ఉన్న చట్టాలే చాలంటూ. అంతకుముందు 2022 ఏప్రిల్‌లో గూగుల్ న్యూస్ ఉద్యోగుల కోసం ఏర్పాటైన కులంపై ప్రసంగం, కొందరు ఉద్యోగులు అభ్యంతరం చెప్పడంతో రద్దయింది. శిక్షణ అక్కర్లేదని ఎక్కడ గట్టిగా వినబడుతుందో, దాని అవసరం అక్కడే ఎక్కువ అని నా నమ్మకం.

వికలాంగుల విషయంలో చట్టం కొంత నయం. 2016 నాటి చట్టం ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానం ప్రకటించాలంటోంది. 20 మంది, అంతకు మించి పనిచేసే ప్రైవేటు సంస్థ ఏయే సదుపాయాలిస్తుందో రాసి, ఒక అనుసంధాన అధికారిని పెట్టాలి. ర్యాంపు ఒక్కటే కాదు, తెర చదివే సాఫ్ట్‌వేర్‌తో పనిచేసే లోపలి వెబ్‌సైట్లు, పరీక్షలో అదనపు సమయం కూడా ఇందులోకే వస్తాయి. ఈ విషయంలో హైదరాబాద్ నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలోని వైకల్య అధ్యయన కేంద్రం ఇచ్చిన నివేదిక మీద ఆధారపడి సుప్రీంకోర్టు 2024 నవంబరులో తీర్పే చెప్పింది. శిక్షకులు అంత దగ్గర్లో ఉన్నా పిలుస్తున్న యాజమాన్యాలెన్ని?

పదిమంది లేని చోట

ఇప్పటిదాకా చెప్పిందంతా ఆఫీసు, బోర్డు, హెచ్‌ఆర్ ఉన్న చోట్ల సంగతి. బట్టల దుకాణం, నర్సింగ్ హోమ్, ఇటుక బట్టీ, ఇళ్లలో పనిచేసేవాళ్ల మాటేమిటి? పదిమంది లోపు పనిచేసే చోట, లేదా యజమాని మీదే ఫిర్యాదు ఉన్నప్పుడు జిల్లా స్థాయి స్థానిక కమిటీయే దిక్కు. పల్లెల్లో మండల స్థాయిన, పట్టణాల్లో వార్డుకో మున్సిపాలిటీకో ఒకరు చొప్పున నోడల్ అధికారి ఉండాలి. ఆ అధికారి ఫిర్యాదు తీసుకుని 7 రోజుల్లో కమిటీకి పంపాలి. జిల్లా అధికారులను, స్థానిక కమిటీలను, నోడల్ అధికారులను నియమించమని సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 3న రాష్ట్రాలకు గడువులు పెట్టి మరీ చెప్పాల్సి వచ్చింది.

ఇంట్లో పనిచేసే మనిషి మండల కార్యాలయానికి వెళ్లి, కౌంటర్ దగ్గర గుమాస్తాను ‘ఫిర్యాదు ఎవరికివ్వాలండీ?’ అని అడిగితే అతను నోడల్ అధికారి గది చూపించగలగాలి. ఆ అధికారి తలుపు వేసి, ఆమెను కూర్చోబెట్టి, రాయడం రాకపోతే తానే రాసిపెట్టి, చదివి వినిపించి, ఆ కాగితాన్ని వారంలోగా కమిటీకి పంపాలి. ఇళ్లలో పనిచేసేవారి ఫిర్యాదులో ప్రాథమిక ఆధారం కనబడితే స్థానిక కమిటీ దాన్ని 7 రోజుల్లో పోలీసులకు పంపాల్సి ఉంటుంది. కంపెనీలు తమవాళ్ల శిక్షణకు డబ్బు పెట్టుకోగలవు. ఈ గుమాస్తాకు, ఈ అధికారికి, ఈ కమిటీకి నేర్పించాల్సింది మన రెండు రాష్ట్రాల ప్రభుత్వాలు. జిల్లాకు ఒక రోజు కేటాయించి, ఒక మాదిరి ఫిర్యాదును మొదటి నుంచి చివరిదాకా నడిపిస్తే ఈ పని ఈ ఏడాదే మొదలుపెట్టవచ్చు.